కలత, తేట: మనసు మాటల వెనుక నీటి చరిత్ర

1852వ సంవత్సరంలో లండన్ నగరంలో ఒక విచిత్రమైన పుస్తకం వెలువడింది. రచయిత పీటర్ మార్క్ రోజె. వృత్తిరీత్యా వైద్యుడు. అప్పటికి ఆయన వయసు 73 ఏళ్ళు. రాయల్ సొసైటీకి ఇరవై ఏళ్ళకు పైగా కార్యదర్శిగా పనిచేసినవాడు. 1815లో కొత్తరకం స్లైడ్ రూల్‌ను రూపొందించినవాడు. కదులుతున్న చక్రాన్ని సందుల్లోంచి చూస్తే కంటికి ఎలా కనిపిస్తుందో పరిశీలించి వ్యాసం రాసినవాడు. ఇలాంటి మనిషి చివరి వయసులో పదాల పట్టికలు వేశాడు. అవి అక్షరక్రమంలో వేసిన పట్టికలు కావు. అర్థాలనుబట్టి పదాలను వెయ్యి శీర్షికల కింద సర్ది, ఒక భావానికి ఎదురుగా దాని వ్యతిరేక భావాన్ని పక్క కాలమ్‌లో పెట్టాడు. ఇంగ్లీషువారు ఇప్పటికీ వాడుతున్న ‘థిసారస్’ అదే.

ఆ పుస్తకానికి రాసుకున్న ఉపోద్ఘాతంలో రోజె తనకు తెలిసిన పూర్వప్రయత్నాలను పేర్కొన్నాడు. వాటిలో అన్నిటికంటె పాతది మన అమరకోశం. హెన్రీ కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అర్థాలతో సిద్ధం చేసిన ప్రతి 1808లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. రోజెకు తెలిసినది ఆ ప్రతే. అయితే ఆయన అమరసింహుడికి పెట్టిన మార్కులు చాలా తక్కువ. వర్గీకరణ చాలా లోపభూయిష్ఠంగా, గందరగోళంగా ఉందన్నాడు. ముఖ్యంగా అమూర్త భావాలకు, మనోవ్యాపారాలకు సంబంధించిన చోట మరీ అస్తవ్యస్తంగా ఉందన్నాడు.

విద్యార్థులారా, ఒక పండితుడు ఇలా తీర్పు చెప్పినప్పుడు మనకు రెండు దారులు సులభంగా కనిపిస్తాయి. ‘ఆయన చెప్పాడు కనుక నిజమే’ అనుకోవడం ఒకటి. ‘మన పూర్వుల్ని అనడానికి ఆయనెవరు?’ అని కోపగించుకోవడం రెండోది. నేను రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. భాషాశాస్త్రం నా సొంత ఇల్లు కాదు. అయినా ప్రయోగశాలలో అలవాటైన మూడో దారి ఒకటుంది: ఒక చిన్న నమూనా తీసుకుని పరీక్షించడం. నమూనాగా ఒకే ఒక్క భావాన్ని తీసుకుందాం. నిబ్బరంగా ఉన్న మనిషి నిబ్బరం చెదరడం. దీనికి మన భాషల్లో ఉన్న మాటలు ఏమిటి, వాటికి ఎదురు మాటలు ఏమిటి, అవి ఎక్కడినుంచి వచ్చాయి?

ముందు తెలుగులో లెక్కపెట్టండి. కలత, కలవరం, కంగారు, గాభరా, తొట్రుపాటు, తత్తరపాటు, తడబాటు, బెంబేలు, తల్లడిల్లడం, ఉలికిపాటు, బిత్తరపోవడం, నివ్వెరపోవడం. తెలంగాణలో ఆగమాగం, పరేషాన్, బుగులు. ఈ మాటలు పర్యాయపదాలని పాఠ్యపుస్తకం చెప్పినా ఏ రెండూ సరిసమానం కావు. తడబాటు, తొట్రుపాటు కాళ్ళకు సంబంధించినవి. నడిచేవాడి అడుగు తప్పడం మొదటి అర్థం, మాట తప్పడం ఆ తరువాతిది. ఉలికిపాటు ఒక్క క్షణంలో అయిపోతుంది. కలత రోజుల తరబడి ఉంటుంది. బిత్తరపోయినవాడు కదలడు, కంగారుపడినవాడు ఊరికే కదులుతాడు. (ఆస్ట్రేలియా జంతువు కంగారూకూ మన కంగారుకూ సంబంధం లేదు. 1770లో కుక్ నౌకాబృందం అక్కడి గూగు యిమిధిర్ ప్రజల భాషనుంచి ఆ పేరు రాసుకుంది. ఏటా ఏదో ఒక తరగతిలో ఈ ప్రశ్న వస్తుంది కనుక ముందే చెప్పేశాను.)

ఈ మాటలన్నిటిలోకి నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ‘కలత’. దాని క్రియ కలగు. ఎదుటివాడు చేస్తే కలచు. ‘ఆ వార్త నన్ను కలచివేసింది’ అని పత్రికల్లో రోజూ చదువుతాం. అసలు కలగేది ఏమిటి? నీరు. గేదెలు దిగిన చెరువులో అడుగునున్న బురద పైకి లేస్తే ఆ నీటిని కలకనీరు అంటాం. కళ్ళు ఎర్రబడి పుసి కడితే కండ్లకలక అంటాం, అదీ ఈ మాటే. తమిళంలో నీరు చెదిరి మురికిగా మారినా, మనసు చెదిరినా కలంగు అంటారు. కన్నడంలో కలకు. మలయాళంలోనూ దీని తోబుట్టువు ఉంది. నాలుగు భాషల్లోనూ మాట మొదట నీటిది, తరువాత మనసుది.

మరి కలతకు వ్యతిరేకపదం? పరీక్షలో అడిగితే మీరు ‘ప్రశాంతత’ అని రాస్తారు. మార్కు వస్తుంది. కాని మీ అమ్మమ్మ అలా అనదు. ‘కాస్త తేరుకో నాయనా’ అంటుంది. తేరుకోవడమంటే ఏమిటి? కలకనీటిని బిందెలో ఉంచితే బురద అడుగుకు చేరి పైన తేట నిలుస్తుంది. నీరు తేరింది అంటాం. దెబ్బ తిన్న మనిషి మళ్ళీ మామూలు స్థితికి రావడాన్ని కూడా తేరుకోవడమే అంటాం. కలగడం, తేరడం: రెండూ ఒకే చెరువు గట్టున పుట్టిన జంట. తమిళుల జంట కలక్కం, తెళివు. ఈ తెళివు మన తెలివే. కన్నడంలో తిళినీరు అంటే తేటనీరు, తిళి అంటే తెలుసుకోవడం కూడా. అంటే దక్షిణాది భాషల్లో ‘తెలియడం’ అనే మాటే మొదట ‘తేటపడడం’. నీరు తేటపడితే అడుగున ఉన్నది కనబడుతుంది కదా, అదే తెలియడం. దక్షిణ భారత భాషలు ఒక కుటుంబమని 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో ఫ్రాన్సిస్ ఎల్లిస్ చూపించాడు. 1961లో బరో, ఎమెనో ప్రచురించిన ద్రావిడ పదనిష్పత్తి నిఘంటువులో ఇలాంటి మాటలన్నీ గుంపులు గుంపులుగా ఉంటాయి. వీలైతే గ్రంథాలయంలో ఒకసారి తిరగెయ్యండి. సినిమాకన్నా తక్కువ వినోదం కాదు.

ఇప్పుడు సంస్కృతం వైపు వద్దాం. అక్కడ పర్యాయపదాల పట్టికలు వేయడం చాలా పాత అలవాటు. యాస్కుడు వ్యాఖ్యానించిన ‘నిఘంటువు’ అనే వైదిక పదపట్టికలో భూమికి 21 పేర్లు, నీటికి 101 పేర్లు ఉన్నాయి. ఆ సంప్రదాయంలో అందరికంటె ప్రసిద్ధికెక్కినవాడు అమరసింహుడు. ఆయన గ్రంథం అసలు పేరు నామలింగానుశాసనం. శ్లోకాల్లో ఉండడానికి కారణం అలంకారం కాదు, కంఠస్థం చేయడానికి వీలు. కాగితం లేని కాలంలో నాలుకే అల్మారా. నిన్నమొన్నటిదాకా మన ఊళ్ళలో కూడా చదువు మొదలయ్యేది అమరం వల్లించడంతోనే. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రాసిన ఆంధ్రనామసంగ్రహం ఆ బాటలో నడిచిన పుస్తకమే.

అమరకోశం మొదటి కాండలో బుద్ధికి సంబంధించిన ధీవర్గం ఉంది, భావాలకు సంబంధించిన నాట్యవర్గం ఉంది. రోజె చూసింది బహుశా ఈ రెండే అయి ఉంటుంది. మనసుకు సంబంధించిన సరంజామా అంతా అక్కడే ఉండాలని ఆయన లెక్క. కాని మన నమూనాకు కావలసిన ముఖ్యమైన మాటలు అక్కడ కాదు, వారివర్గంలో, అంటే నీటి అధ్యాయంలో దొరుకుతాయి. అమరుడు తేటనీటికి ప్రసన్నం, అచ్ఛం అని రెండు మాటలు, మురికినీటికి కలుషం, అనచ్ఛం, ఆవిలం అని మూడు మాటలు పక్కపక్కనే ఇచ్చాడు. గమనించారా? రోజె రెండు కాలమ్‌లలో చేసిన పనిని, అంటే వ్యతిరేకాలను ఎదురెదురుగా నిలబెట్టడాన్ని, అమరుడు ఇక్కడ ఒక్క అర్ధశ్లోకంలోనే చేశాడు.

ఈ అయిదు మాటల తరువాతి జీవితం చూడండి. ప్రసన్నం అనగానే మనకు నీరు గుర్తురాదు, దేవుడి ముఖమో, మంచి మూడ్‌లో ఉన్న ప్రిన్సిపాల్‌గారి ముఖమో గుర్తొస్తుంది. కలుషం నుంచి కాలుష్యం వచ్చి పర్యావరణ పాఠాల్లో స్థిరపడింది. అచ్ఛం ఉత్తరాదికి వెళ్ళి హిందీలో ‘అచ్ఛా’ అయింది. దేశంలో రోజుకు ఎన్ని కోట్లసార్లు వినిపిస్తుందో ఎవరు లెక్కపెట్టగలరు! బాగుంది అనే మాట వెనుక తేటనీరు ఉంది. మన అచ్చతెలుగులోని ‘అచ్చ’ కూడా దీనికి దగ్గరి చుట్టంగానే కనిపిస్తుంది.

ప్రసన్నం అనే మాటను కొంచెం విప్పి చూద్దాం. ధాతువు ‘సద్’. కూర్చోవడం, కిందికి దిగడం దాని అర్థం. సదస్సు, పరిషత్తు దానినుంచి వచ్చినవే. నీటిలోని బురద కూర్చుంది, కనుక నీరు ప్రసన్నం. లాటిన్‌లో దీని సోదర ధాతువు నుంచి వచ్చిన మాట ‘సెడిమెంట్’. రసాయనశాస్త్ర ప్రయోగాల్లో అడుగున చేరే మడ్డికి మనం పెట్టుకున్న పేరు. బీకరు అడుగున సెడిమెంట్ చేరితేనే పైన ప్రసన్నం. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రసంగించినప్పుడు ఆయన ఉద్దేశించినది ఇలాంటి పోలికలనే. ఇంతకంటె వింత ఒకటుంది. ఇదే సద్ ధాతువుకు ‘వి’ అనే ఉపసర్గ తగిలిస్తే విషాదం. బురద కిందికి దిగితే ప్రసాదం, మనిషే కిందికి కుంగిపోతే విషాదం. భగవద్గీత మొదటి అధ్యాయం అర్జునుడి విషాదం. రెండో అధ్యాయం చివర స్థితప్రజ్ఞుడి గురించి చెప్పేటప్పుడు వచ్చే మాట ప్రసాదం, మనసు తేటపడడం. గుడిలో మన చేతిలో పెట్టే ప్రసాదానికి కూడా ఈ మాటే మూలం: తేటదనం, దానివల్ల కలిగే అనుగ్రహం, ఆ అనుగ్రహానికి గుర్తుగా ఇచ్చే పదార్థం.

ఇదంతా కవుల ఊహ అనుకోకండి. నీటిని తేరబెట్టడం మన ఉపఖండంలో బ్రతుకుతెరువుకు సంబంధించిన విద్య. వానాకాలంలో నదులూ చెరువులూ ఎర్రగా పారే దేశం ఇది. సుశ్రుత సంహితలో మురికినీటిని తేటపరచే సాధనాలు ఏడు చెప్పారు. వాటిలో మొదటిది కతకం. తెలుగులో చిల్లగింజ, ఇండుపగింజ అంటారు. హిందీలో నిర్మలి. ఆ గింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్ళు పోస్తే కొంతసేపటికి నీరు తేరుతుంది. ఆ సాధనాలకు సుశ్రుత సంహిత వాడిన మాట ప్రసాదనాలు. సరిగ్గా అదే మాటను పతంజలి యోగసూత్రాల్లో చిత్తానికి వాడాడు: చిత్తప్రసాదనం. వైద్యుడి కుండలో ఉన్న మాట యోగి మనసులోకి ఎలాంటి మార్పూ లేకుండా నడిచి వెళ్ళింది.

చిల్లగింజ ఎలా పనిచేస్తుంది? బంకమట్టి రేణువులు అతి సూక్ష్మమైనవి, వాటి ఉపరితలం మీద ఋణావేశం ఉంటుంది. అన్నిటిదీ ఒకే ఆవేశం కనుక ఒకదానినొకటి వికర్షించుకుంటూ, నీటి అణువుల తాకిడికి అటూ ఇటూ కదులుతూ, కిందికి దిగకుండా తేలుతూ ఉంటాయి. గింజలోని పొడవాటి అణువులు అనేక రేణువులను అంటిపట్టుకుని వంతెనల్లా కలుపుతాయి. గడ్డలు కట్టిన రేణువులు బరువెక్కి దిగిపోతాయి. పటిక పనితీరు వేరు. దానిలోని అల్యూమినియం ధనావేశంతో రేణువుల ఋణావేశాన్ని తటస్థం చేస్తుంది. ఇప్పుడు నీటి మసకదనాన్ని కాంతి పరిక్షేపణంతో కొలుస్తారు. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటికి అది 1 ఎన్.టి.యు. దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 5 వరకు అనుమతి. ఒక్క హెచ్చరిక: తేటగా ఉన్న నీరంతా సురక్షితం కాదు. సూక్ష్మజీవులు తేటనీటిలోనూ ఉంటాయి.

మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఈ గింజను ఒక పోలికకు వాడుకున్నారు. కతకం నీటిని తేటపరుస్తుంది నిజమే, కాని దాని పేరు పలికినంత మాత్రాన నీరు తేటపడదు అని. ఎంత సామాన్యమైన వస్తువైతే తప్ప ధర్మశాస్త్రంలో ఉపమానంగా పనికొస్తుంది! ఇంటింటా ఆ గింజ ఉండేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

బౌద్ధ వాఙ్మయంలో ఈ నీటి ఉపమానం ఇంకా దూరం వెళ్ళింది. సంయుత్త నికాయంలో సంగారవుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. అది మీ ప్రశ్నే. చాలాకాలం వల్లించిన మంత్రాలు కూడా ఒక్కొక్కప్పుడు గుర్తుకు రావు, వల్లించనివి కూడా ఒక్కొక్కప్పుడు స్ఫురిస్తాయి, కారణమేమిటి? పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం అందుకున్న మొదటి అయిదు నిమిషాలు తలచుకోండి. బుద్ధుడు ఒక పాత్రలోని నీటిని చూపించి జవాబు చెబుతాడు. ఆ నీటిలో లక్క, పసుపు, నీలిమందు వంటి రంగులు కలిస్తే మన ముఖం కనబడదు, అది కోరిక. నిప్పుమీద మరుగుతుంటే కనబడదు, అది ద్వేషం. పైన నాచు కమ్మితే కనబడదు, అది మాంద్యం. గాలికి అలలు లేస్తే కనబడదు, అది కలవరం. బురద కలిసి చీకట్లో ఉంటే కనబడదు, అది సందేహం. చూడండి, ‘మనసు పాడవడం’ అని ఒక్క ముక్కలో కొట్టివేయకుండా అయిదు రకాలుగా విడదీశాడు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క భౌతిక కారణం చూపించాడు. రంగు, ఉష్ణం, పొర, తరంగం, అవక్షేపం. నాకు తెలిసినంతలో పర్యాయపదాల మధ్య తేడాలను ఇంత చక్కగా చూపించిన పాఠం మరొకటి లేదు. పరీక్ష హాలు సంగతిలో ఆధునిక శాస్త్రం కూడా కొంత చెప్పింది. 1901లో జపాన్ శాస్త్రవేత్త జోకిచి తకమినె అడ్రినలిన్‌ను వేరుచేశాడు. భయం, కోపం వంటి ఉద్వేగాల్లో శరీరంలో జరిగే మార్పులపై వాల్టర్ కానన్ రాసిన పుస్తకం 1915లో వచ్చింది. ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్, నేర్చుకున్నదాన్ని జ్ఞాపకంలోంచి బయటికి తీయడాన్ని మందగింపజేస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి. సంగారవుడి మంత్రాలు మరుగున పడింది ఇందుకే కావచ్చు.

మిళిందపన్హలో మరో చిత్రం ఉంది. మిళిందుడు అంటే క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు రాజు మినాండర్. రాజధాని సాగల, ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ అని చెబుతారు. శ్రద్ధ అంటే ఏమిటని రాజు అడిగితే నాగసేనుడు ఇలా చెబుతాడు: చక్రవర్తి సేనతో ఒక చిన్న ఏరు దాటాడు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం తొక్కి నీరంతా బురద చేశాయి. చక్రవర్తికి దాహం వేసింది. నీటిని తేటపరచే మణి ఆయన దగ్గర ఉంది, దాన్ని వేయగానే బురద దిగిపోయి నీరు ప్రసన్నమైంది. సుశ్రుతుడి ఏడు సాధనాల జాబితాలో కూడా మణి ఉందని మరిచిపోకండి. గ్రీకు రాజుకు అర్థమయ్యేలా ఒక బౌద్ధ భిక్షువు ఎంచుకున్న ఉపమానం, దాహం వేసిన ఎవరికైనా అర్థమయ్యేదే.

నీటి కుటుంబం ఒకటైతే, రెండోది చెదిరిపోవడం అనే కుటుంబం. ‘పరేషాన్’ పర్షియన్ మాట. అసలు అర్థం చెల్లాచెదురైన అని. ఆ భాష కవులు విరబోసుకున్న జుట్టుకు కూడా ఈ మాటే వాడారు. చెదిరిన మనసుకు ఎదురు ఏమిటి? పోగైన మనసు. అరబ్బీలో ఖాతిర్ అంటే మనసు, తలపు. జమా అంటే పోగు. ఖాతిర్‌జమా అంటే మనసు కుదురుకోవడం, నిశ్చింత. ఈ జంట పర్షియన్ రాజభాషగా ఉన్న శతాబ్దాల్లో కచేరీల ద్వారా దేశమంతా పాకింది. కంపెనీ ప్రభుత్వం 1837లో కోర్టుల్లో పర్షియన్‌ను తొలగించినా మాటలు మాత్రం పోలేదు. మరాఠీలో నేటికీ ఖాతర్‌జమా చేసుకోవడమంటే నిర్ధారణ చేసుకోవడం. తెలుగువాళ్ళం ఆ జంటను విడదీసి చెరో పనికి పెట్టాం. జమాను రెవెన్యూ శాఖకు, కిరాణా కొట్టుకు ఇచ్చాం: జమాబందీ, జమాఖర్చు. ఖాతరును మాత్రం ఎక్కువగా కాదనడానికే మిగుల్చుకున్నాం: ‘వాడు ఎవర్నీ ఖాతరు చెయ్యడు’. అరబ్బీ హైరాన్ అంటే విస్మయంతో దిక్కుతోచకపోవడం. మన హైరానాలో విస్మయం పోయి అలసట మిగిలింది. గాభరా హిందీ, మరాఠీల వైపునుంచి వచ్చింది.

సంస్కృతంలోనూ ఈ రెండో కుటుంబం ఉంది. యోగసూత్రాల్లో మనసు చెదరడానికి విక్షేపమని పేరు, అటూ ఇటూ విసిరివేయడమన్నమాట. దానికి ఎదురుమాట సమాధి, కూర్చి ఒకచోట పెట్టడం. అదే ధాతువునుంచి వచ్చిన సమాధానం తెలుగులో జవాబు అయింది. అయినా ‘మనసు సమాధానపడింది’ అన్నప్పుడు పాత అర్థం తలెత్తుతుంది. ఇంగ్లీషువారి ‘కంపోజర్’ కూడా కూర్చి పెట్టడమే. ఒకరిని చూసి ఒకరు రాసిన కాపీ కాదిది. చెదిరింది, పోగైంది అనే అనుభవం ఎక్కడైనా ఒకటే.

ఒకే మాట వేరువేరు ప్రాంతాల్లో వేరువేరు గుణాలు సంపాదించడానికి సంభ్రమాన్ని మించిన ఉదాహరణ లేదు. సంస్కృతంలో సంభ్రమమంటే గిరగిర తిరగడం, తొందర, తత్తరపాటు. తెలుగుకు వచ్చేసరికి ఆశ్చర్యంతో కూడిన ఆనందం. కర్ణాటకకు వెళ్తే పండుగ కోలాహలం. బెంగాలీలో అదే మాటకు గౌరవం, మర్యాద అని అర్థం. తత్తరపాటు గౌరవం ఎలా అయింది? పెద్దలు ఇంటికి వచ్చినప్పుడు గబగబా లేచి, కుర్చీ వేసి, కండువా సర్దుకునే మనిషిని ఊహించుకోండి. బెంగాలీ ఆ దృశ్యంలో మర్యాదను చూసింది, కన్నడం సందడిని చూసింది. నాట్యశాస్త్రం కూడా ఈ తిరకాసును గుర్తించింది. ముప్ఫై మూడు సంచారీభావాల్లో ఒకటైన ఆవేగానికి కారణాలు చెబుతూ తుఫాను, వర్షం, అగ్నిప్రమాదం, మదించిన ఏనుగు పరుగు వీటితోపాటు శుభవార్త వినడాన్ని కూడా చేర్చింది. ఫలితాలు వచ్చిన రోజున పాసైనవాడి చేతులు కూడా వణుకుతాయి. ఆ జాబితాలోనే ధృతి కూడా ఉంది. నిబ్బరం, చలించకపోవడం.

తెలుగుకు సొంతమైన ఎదురుమాటల్లో నాకు ఇష్టమైనది కుదురు. ఇప్పటి విద్యార్థుల్లో చాలామంది అసలు వస్తువును చూసి ఉండరు. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది, నేలమీద పెడితే దొర్లుతుంది. అందుకని గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్టలా చుట్టి దానిమీద కూర్చోబెడతారు. అదే కుదురు. భౌతికశాస్త్రం చెప్పేది ఇదే: ఒక్క బిందువుమీద ఆనిన వస్తువుకు విశాలమైన ఆధారం దొరికితే, గరిమనాభినుంచి గీసిన నిలువురేఖ ఆ ఆధారం లోపల పడినంతసేపు అది పడిపోదు. ‘కుదురుగా కూర్చో’ అని మిమ్మల్ని చిన్నప్పుడు గదమాయించినవారు ఈ సూత్రాన్నే చెప్పారు, తెలియకుండా. తొణకడు, బెణకడు అనే మాటలోనూ కుండే ఉంది. నిండుకుండ తొణకదనే సామెత మీకు తెలుసు. సగం నిండిన కుండలో నీటికి ఊగడానికి చోటుంటుంది కనుక అది తొణుకుతుంది. స్థిమితం సంస్కృతం. స్తిమితమంటే కదలనిది, తడిసినది కూడా. మళ్ళీ నీళ్ళే!

కొత్త మాటలు పాతవాటిని కొంత పక్కకు నెట్టాయి. ‘టెన్షన్’ భౌతికశాస్త్రం పుస్తకంలో తాడుకు సంబంధించినది, ఇప్పుడు పల్లెటూళ్ళలో కూడా మనుషులకు సంబంధించినది. ‘డిస్టర్బ్ అయ్యాను’ అంటారు. ఆ మాట పుట్టిన లాటిన్ ధాతువునుంచే మురికినీటిని వర్ణించే ‘టర్బిడ్’ వచ్చింది, పైన చెప్పిన ఎన్.టి.యు.లో ‘టి’ అదే. అంటే ‘కలత చెందాను’ అన్నా ‘డిస్టర్బ్ అయ్యాను’ అన్నా చెరువు మారింది గాని బురద మారలేదు.

ఇక రోజె తీర్పు దగ్గరికి తిరిగి వద్దాం. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. అమరకోశంలో మనసుకు సంబంధించిన మాటల్ని ఒకేచోట వెతికితే దొరకవు. ప్రసన్నం నీటిలో ఉంది, ఆవేగానికి చుట్టాలు నాట్యంలో ఉన్నాయి, బుద్ధికి సంబంధించినవి ధీవర్గంలో ఉన్నాయి. వాడుకునేవాడికి ఇది చిక్కే. కాని దానికి కారణం గందరగోళం అని నేను అనుకోను. అమరుడు మాటలను అవి పుట్టిన ఇంట్లో ఉంచాడు. రోజె అవి ఉద్యోగం చేస్తున్న ఆఫీసులో ఉంచాడు. ఉద్రేకపడే స్వభావం ఒక కాలమ్‌లో, దాని ఎదుట ఉద్రేకపడని స్వభావం. రాసేవాడికి రోజె పద్ధతే సౌకర్యం, ఒప్పుకోవాలి. మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే మాత్రం అమరుడి ఇల్లే వెతకాలి. అదే 1852లో సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో వెలువడింది. బ్రౌన్ ఎంచుకున్నది మూడోదారి, అక్షరక్రమం. ఒకే సంవత్సరంలో రెండు దేశాల్లో రెండు పెద్ద పదకోశాలు వెలువడడం యాదృచ్ఛికమే. అయినా నాకు ఆ సంవత్సరం ఇష్టం.

రోజె, అమరుల పద్ధతులను రెంటినీ పరిశీలించి, భారతీయ అవసరాలకు రెండూ చాలవని తేల్చుకుని తన సొంత చట్రం కట్టుకున్నవాడు అరవింద్ కుమార్. సినిమా పత్రికకు సంపాదకుడిగా పనిచేసి, భార్య కుసుమ్‌తో కలిసి ఇరవై ఏళ్ళు శ్రమపడి, కార్డుల మీద మాటలు పోగుచేసి హిందీలో ‘సమాంతర్ కోశ్’ తయారుచేశాడు. 1996లో నేషనల్ బుక్ ట్రస్ట్ దాన్ని ప్రచురించింది. సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు అందులో పక్కపక్కన నడుస్తాయి.

ఈ పాఠానికి ఇంటిపని రెండు భాగాలు. మొదటిది: రెండు గాజుగ్లాసుల్లో చెరువునీరు తీసుకోండి. ఒకదానిలో పటికను రెండు మూడుసార్లు తిప్పి తీసెయ్యండి. రెండోదాన్ని అలాగే వదిలెయ్యండి. పావుగంటకొకసారి రెండిటి వెనుకా అచ్చుకాగితం పెట్టి అక్షరాలు ఎప్పుడు కనిపిస్తాయో వేళ రాసుకోండి. ఆ నీరు తాగవద్దు. రెండోది: మీ ఇంట్లో పెద్దవాళ్ళు కలతకు, తేరుకోవడానికి వాడే మాటలు అడిగి, ఊరిపేరుతో సహా ఒక నోటుపుస్తకంలో రెండు కాలమ్‌లలో రాయండి. ఏ మాట నీటిది, ఏది అడుగులది, ఏది కుండది, ఏది పక్కభాషది అని ఎదురుగా గుర్తు పెట్టండి. కొన్నిటికి ఎదురుమాట దొరకదు. ఆ గడిని ఖాళీగానే ఉంచండి.